ఎదురొచ్చే మనిషి

ఆయమ్మ పేరు నాకు తెలియదు. నా కూతురికి తెలుసు. అడిగితే చెప్పదు. "అది మా ఇద్దరి మధ్య మాటమ్మా" అంటుంది. పదకొండేళ్ళ పిల్ల తల్లి దగ్గర దాచుకునే రహస్యం ఒకటుండి, అది ఒక బడి ఆయా పేరైతే ఎవరికైనా ఒళ్ళు మండదా? నాకు మండుతుంది. ఇప్పటికీ.

ఆవిడ పోయిన సంగతి నాకు బందరులో కృప చదివిన బడి వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఊరు వదిలి ఐర్లండు వచ్చి నాలుగేళ్ళయినా ఆ గ్రూపులోంచి నేను బయటికి రాలేదు. ఫీజుల నోటీసులు, వానకి సెలవు కబుర్ల మధ్య "మన ఆయమ్మ ఇక లేరు" అని ఒక లైను, కింద ఒక ఫొటో. బడి లోపలి నుంచి గేటు వైపు నడిచి వస్తుండగా ఎవరో తీసినది. నెత్తిమీద చెంగు, భుజం దగ్గర పిన్నీసుతో గుచ్చిన పెడన అద్దకం గుడ్డముక్క, రెండు చేతులూ ఖాళీ. కింద వరసగా అందరూ దణ్ణాల బొమ్మలు పెట్టారు. నేను ఏమీ పెట్టలేకపోయాను.

ఆవిడంటే నాకు గౌరవమని రాసుకోవచ్చు. పోయినవాళ్ళ గురించి అలాగే రాస్తారు. నిజం చెప్పాలంటే ఆవిడంటే నాకు అసూయ. చూసిన మొదటిరోజు నుంచీ అసూయే.

మాది అవనిగడ్డ అవతల చిన్న పల్లె. నర్సింగు చదివి బందరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పిల్లల వార్డులో పనిచేసేదాన్ని. ఎంత మొండిగా ఏడ్చే పిల్లకైనా సూది వెయ్యాలంటే నన్నే పిలిచేవారు. దివిసీమ పల్లెల నుంచి పిల్లల్ని తెచ్చిన తల్లులు "ఆ సిస్టరుగారే రావాలండి" అని పట్టుబట్టేవారు. నాకు అందులో కొంచెం గర్వం ఉండేది. కొంచెమేమిటి, బాగానే ఉండేది.

అలాంటి నాకు ఇంట్లో మాత్రం కృప లొంగేది కాదు. తెల్లారితే కడుపునొప్పి. బూట్లు తొడుగుతుంటే వాంతి. స్కూటీ బడి గేటు ముందు ఆగగానే అద్దం కడ్డీ పట్టుకునేది, వేళ్ళు తెల్లబడినా వదిలేది కాదు. నేను ఒక చేత్తో సంచీ, ఇంకో చేత్తో దాని వీపు పట్టుకుని లోపలికి తోసేదాన్ని. డ్యూటీకి వేళవుతుండేది. వాచ్‌మన్ చూస్తుండేవాడు, మిగతా తల్లులు చూస్తుండేవారు. ఒకావిడ "నర్సుగారి పిల్లేనా?" అంది పక్కనున్నావిడతో, నాకు వినపడేలాగే.

ఒకటో తరగతిలో చేర్చి రెండు నెలలైంది. ఆ రెండు నెలల్లో కృప ఆ గేటు దగ్గర ఒక్క మాట మాట్లాడలేదు. అప్పుడొక రోజు లోపలి నుంచి ఒక పొడుగాటి ఆడమనిషి వచ్చింది. ఎడమకాలి చెప్పు తెగి పిన్నీసు పెట్టి ఉందేమో, ఒక అడుగు మామూలుగా, ఒక అడుగు ఈడుస్తూ వస్తోంది. తిన్నగా మా మీదికి రాలేదు. నాలుగడుగుల దూరంలో ఆగింది. చేతులు చాచలేదు, పిలవలేదు. ఊరికే నిలబడి, కాసేపయ్యాక, ఏదో మార్కెట్టు సంగతి అడిగినట్టు అడిగింది.

"ఇవాళ బాక్సులో ఏంటండి?"

కృప నా వైపు చూసింది, ఆవిడ వైపు చూసింది. "పెరుగన్నం" అంది.

"పెరుగన్నమా! అయితే నీ పేరు పెరుగన్నం. రండి, పెరుగన్నంగారూ."

కడ్డీ మీది చెయ్యి ఎప్పుడు వదిలిందో నేను చూడలేదు. కృప ఆ నాలుగడుగులూ నడిచి వెళ్ళింది. నేను సంచీ పట్టుకుని అక్కడే ఉన్నాను. సంచీ కోసం వెనక్కి వచ్చింది ఆయమ్మే. "ఇట్టా ఇవ్వండి, పెరుగన్నం వాళ్ళమ్మగారూ" అంది. రెండు నెలలుగా నేను చెయ్యలేని పని రెండు నిమిషాల్లో చేసి, పైగా నాకో పేరు పెట్టిన మనిషిని నేను ఇష్టపడాలా?

ఆవిడకి పిల్లల పేర్లు పట్టేవి కావు. అందరినీ టిఫిన్ డబ్బాలతోనే గుర్తుపెట్టుకునేది. "పులిహోర ఇవాళ రాలేదు, ఉప్మాకి జరం" అని టీచర్లకి చెబుతుంటే హాజరుపట్టీ చదివినట్టుండేది. వక్కపొడి నములుతూనే మాట్లాడేది. భుజం మీది గుడ్డముక్కతో ఏ పిల్ల ముక్కయినా తుడిచేది. పెడనలో అద్దకం పనిచేసే చెల్లెలు మిగిలిన ముక్కలు ఇస్తుందట, వారానికొకటి మార్చేది. పిల్లల్ని ఎత్తుకునేది కాదు, బుజ్జగించేది కాదు. ఆవిడ చేసేదల్లా ఒకటే. గేటు దగ్గర ఏ పిల్లయినా బిగుసుకుపోతే, చేతిలో చీపురున్నా నీళ్ళ బిందె ఉన్నా పక్కన పెట్టేసి, లోపలి నుంచి ఎదురొచ్చేది.

ఒకసారి అడిగాను, కొంచెం దెప్పుతూనే. "ఏం మంత్రం వేస్తావు ఆయమ్మా?"

"మంత్రమేంటండి. చేతిలో ఏదన్నా ఉంటే పిల్లలు దాన్నే చూస్తారు, మనల్ని చూడరు. అంతే" అంది. తర్వాత నా చేతిలోని సంచీ, హెల్మెట్, తాళాలు చూసి నవ్వింది. "మీరు వెనక నుంచి తోస్తున్నారు. తోస్తే స్కూటీ కదులుద్దేమో గానీ పిల్ల కదలదండి."

నాకు చురుక్కుమంది. పిల్లల వార్డులో ఏడేళ్ళ అనుభవం నాది, ఆయా చెప్పాలా నాకు?

ఎదురు విషయంలో ఆవిడకో పట్టింపు ఉండేది. పిల్లలకి ఎదురొచ్చేది గానీ, ఏదన్నా మంచి పని మీద బయల్దేరిన పెద్దవాళ్ళు కనిపిస్తే చటుక్కున పక్కకి తప్పుకుని గోడవైపు తిరిగేది. చిన్నతనంలోనే మొగుడు పోయాడట. ఆవిడ ఉండే సందులో ఎవరో ఎప్పుడో ఏదో అన్నారట. "మా వాళ్ళల్లో ఈ పట్టింపు లేదండి. కానీ ఉన్నోళ్ళ మధ్య ఉంటన్నాం కదా" అనేది. మరి పిల్లలకి ఎదురొస్తావేం అంటే, "పిల్లలకి శకునాలేంటండి, వాళ్ళకి మనిషి కావాల" అని వెళ్ళిపోయేది.

నాకు ఐర్లండులో ఉద్యోగం ఖాయమయ్యాక మా ఆయన ముందు అన్న మాట, "కృప సంగతేంటి?" అదే నా గుండెల్లో రాయి. కొత్త దేశం, కొత్త భాష, కొత్త గేటు. ఇక్కడే ఇలా ఉన్న పిల్ల అక్కడ ఏమవుతుంది? అక్కడి బడికి ఉత్తరం రాశాను. వాళ్ళు చాలా మర్యాదగా జవాబిచ్చారు. పిల్ల భయాల గురించి డాక్టరు రాసిన కాగితం పంపండి, పిల్ల గురించి మీరు నింపాల్సిన ఫారం ఒకటి పంపుతున్నాం, దాన్ని బట్టి రాకముందే సాయం ఏర్పాటు చేస్తాం అన్నారు.

డాక్టరు కోసం గుడివాడ తీసుకెళ్ళాం. పిల్లల మనసు చూసే డాక్టరుగారు ఆవిడ. కృప ఒక్క మాట మాట్లాడకపోతే కాగితం, పెన్సిలు ఇచ్చి బడి బొమ్మ వెయ్యమంది. కృప గేటు వేసింది, గేటు ఇవతల చిన్న పిల్లని వేసింది, అవతల పొడుగ్గా ఒక మనిషిని వేసింది.

"అమ్మా?" అంది డాక్టరుగారు.

"ఆయమ్మ" అంది కృప.

"మరి అమ్మేదీ?"

కృప ఆలోచించింది. కాగితం అంచు దాటి, బల్ల మీద వేలు పెట్టింది. "ఇక్కడ. వెనకాల."

బస్సులో బందరు వచ్చేదాకా నేను కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాను. మా ఆయన వేరుశనక్కాయలు కొని ఒళ్ళో పోస్తే కూడా ముట్టలేదు.

డాక్టరుగారి కాగితంలో "యాంగ్జయిటీ" అని రాసి ఉంది. ఆ సాయంత్రం ఆయమ్మ మా ఇంటికి వచ్చింది. పిలవలేదు. కృప చెప్పిందట, ఏదో ఫారం నింపుతున్నారని. గుమ్మంలోనే నేలమీద కూర్చుని, "డాక్టరేం రాశారండి?" అంది. చెప్పాను.

"అంటే భయమనా?"

"అలాంటిదే."

"భయం కాదండి. భయమైతే లైటేస్తే పోద్ది. దానికి బెంగ. లోపలికెళ్తే బయటున్నోళ్ళు ఉంటారో ఉండరోనని బెంగ. అందుకే లోపల ముందే ఒక మనిషి ఉండాల. లోపల్నుంచి ఎదురు రావాల. అది రాయండి."

ఫారంలో నాలుగు ప్రశ్నలు. పిల్ల దేనికి భయపడుతుంది? భయపడితే ఏం చేస్తుంది? ఏం చేస్తే కుదుటపడుతుంది? ఎవరి దగ్గర ధైర్యంగా ఉంటుంది? ఆయమ్మ వక్కపొడి నములుతూ అన్నిటికీ చెప్పుకుపోయింది. నాలుగడుగుల దూరంలో ఆగాలి. చేతులు ఖాళీగా ఉండాలి. ముందు తిండి సంగతి అడగాలి. పేరు పెట్టి పిలవకూడదు, పిలిస్తే పదిమందీ చూస్తారు. కడుపునొప్పి అంటే అబద్ధమనకూడదు, నిజంగానే నొప్పి. నేను పెన్ను పట్టుకుని "ఊఁ, ఊఁ" అంటూనే ఉన్నాను.

ఆవిడ వెళ్ళాక ఫారం నింపాను. "ఎదురు రావడం" అన్నదానికి ఇంగ్లీషులో మాట దొరకలేదు. మాట దొరకలేదన్నది నాకు నేను చెప్పుకున్న సాకు. శకునాల గొడవ రాస్తే నవ్వుతారన్నది రెండో సాకు. నాలుగో ప్రశ్న దగ్గర మాత్రం సాకులు అక్కర్లేకపోయింది. ఎవరి దగ్గర ధైర్యంగా ఉంటుంది అన్న చోట, గుండ్రటి అక్షరాలతో "తల్లి" అని రాసి పంపేశాను.

బయల్దేరే రోజు పొద్దున్నే గన్నవరానికి కారు వచ్చింది. సామాను ఎక్కించాం. పల్లె నుంచి వచ్చిన మా నాన్న ప్రార్థన చేశాడు. కారు సందు మలుపు దగ్గరికొచ్చేసరికి కరెంటు స్తంభం పక్కన ఆయమ్మ నిలబడి ఉంది. పెద్దవాళ్ళ ప్రయాణం కదా, గోడవైపు తిరిగే ఉంది. కానీ తల కొంచెం మా వైపు ఉంది. పిలిస్తే వచ్చేదే. పిలుస్తానేమోనని చూస్తోంది.

"అమ్మా, ఆయమ్మ! ఎదురు రమ్మనమ్మా" అని కృప నా చెయ్యి గుంజింది.

మా ఇంట్లో ఎవరం శకునాలు చూడం. ఏ రోజైనా ఎవరైనా ఎదురు రావచ్చు. ఆ రోజు మాత్రం నాకు శకునం అక్కరకొచ్చింది. "వద్దులే, ఆవిడే తప్పుకుంది కదా" అన్నాను దానితో. "పోనివ్వండి బాబూ" అన్నాను డ్రైవరుతో. కృప వెనక అద్దంలోంచి చూస్తూనే ఉంది. నేను మాత్రం, సిగ్గులేకుండా చెబుతున్నాను, కొంచెం తేలికపడ్డాను. ఇక నా కూతురు నాదే అనుకున్నాను.

ఐర్లండులో బడి గేటు నల్లటి ఇనుప ఊచల గేటు. మొదటిరోజు కృప ఆ ఊచలు పట్టుకుంది. టీచరు బయటికి వచ్చి, నేను పంపిన ఫారం తీసి చదివి, ఎంతో ఆప్యాయంగా అంది. "మీ దగ్గర ధైర్యంగా ఉంటుందని రాశారు కదా. మీరే పక్కన ఉండండి. మీ ఇష్టమొచ్చినంతసేపు ఉండండి."

ఉన్నాను. వానలో ఉన్నాను. రెండో రోజు ఉన్నాను, మూడో రోజు ఉన్నాను. డ్యూటీ మార్పించుకుని ఉన్నాను. బతిమాలాను, బెదిరించాను, చాక్లెట్లు చూపించాను. కృప ఊచలు వదల్లేదు. రోజూ ఆ టీచరు మొహంలో ప్రశ్న కనిపించేది, మర్యాద కొద్దీ అడిగేది కాదు. రెండు వారాలు గడిచాయి. పిల్ల బరువు తగ్గింది, జడ వేస్తుంటే జుట్టు ఊడి దువ్వెనకి వచ్చేది. మా ఆయన "తిరిగి వెళ్ళిపోదామా?" అన్నాడు ఒకరోజు, మామూలుగా అడిగినట్టు. అప్పుడు ఏడుపొచ్చింది నాకు.

ఆ మధ్యాహ్నమే ఆయమ్మకి ఫోన్ చేశాను. కనీసం తిడుతుందనుకున్నాను.

"పెరుగన్నం వాళ్ళమ్మగారా! పిల్ల ఎట్టా ఉందండి? తింటందా? ఎదురెవరన్నా వస్తన్నారా?"

అబద్ధం నోట్లోకి రాలేదు. "నేను రాయలేదు ఆయమ్మా. మీరు చెప్పింది ఏదీ రాయలేదు."

అంతదాకా ఆవిడని ఎప్పుడూ నువ్వనే అన్నాను. ఆ మాట నాకే కొత్తగా వినపడింది. అవతల వక్కపొడి నమిలిన చప్పుడు వినపడింది. తర్వాత నవ్వింది.

"అయితే ఇప్పుడు రాయండి. కాయితమేమన్నా అరిగిపోద్దా?"

మర్నాడు టీచరు దగ్గర ఫారం అడిగి తీసుకున్నాను. "తల్లి" అన్న మాట కొట్టేశాను. నా చేత్తో నేనే. ఇంత పెద్ద ఉద్యోగపు పరీక్షలు రాశాను గానీ, ఆ గీత గియ్యడానికి పట్టినంత సేపు దేనికీ పట్టలేదు. "లోపలి నుంచి ఒక మనిషి నడిచి రావాలి. నాలుగడుగుల దూరంలో ఆగాలి. చేతులు ఖాళీగా ఉండాలి. టిఫిన్‌లో ఏముందని అడగాలి. తొందరపెట్టకూడదు" అని రాశాను. టీచరు రెండుసార్లు చదివింది. "ఇది ఎవరు చెప్పారు? వాళ్ళ పేరేమిటి?" అంది. పేరు నాకు తెలియదని అప్పుడే తెలిసింది. "ఆయమ్మ" అన్నాను. అదే పేరనుకుని రాసుకుంది పాపం.

మొదటిరోజు టీచరు సరిగ్గానే వచ్చింది గానీ చేతిలో ఫైలు ఉంది. కృప ఫైలునే చూస్తూ ఊచలు పట్టుకుంది. నేను దూరం నుంచి రెండు చేతులూ విప్పి చూపించాను. ఆవిడకి అర్థమైంది. రెండోరోజు ఖాళీ చేతులతో వచ్చింది, ఆగింది, అడిగింది. కృప చాలాసేపు నిలబడి, "కర్డ్ రైస్" అంది. తర్వాత లోపలికి నడిచి వెళ్ళిపోయింది, నా వైపు చూడకుండానే.

సాయంత్రం ఇంటికి నడుస్తుంటే అడిగింది. "అమ్మా, టీచరుకి ఎవరు చెప్పారు?"

"నేనే."

"నీకెవరు చెప్పారు?"

నేను దాని సంచీ అందుకుని నడక పెంచాను. అది రెట్టించలేదు. ఆ నెల జీతంతో ఆయమ్మ కోసం ఊలు శాలువా ఒకటి కొన్నాను. పంపలేదు. పంపితే ఒప్పుకున్నట్టే కదా అనిపించింది. మూడేళ్ళకి పైగా బీరువాలో ఉంది.

గ్రూపులో ఆ ఫొటో చూశాక, ఈ జులై సెలవుల్లో బందరు వెళ్ళాం. ఆయమ్మ ఇల్లు నాకు తెలియదు, అదీ కృపకే తెలుసు. ఇరుకు సందు, గుమ్మానికి పెడన అద్దకం గుడ్డ తెర. లోపల ఆవిడ చెల్లెలు ఉందట. నేను శాలువా సంచీ పట్టుకుని గుమ్మానికి ఇవతలే ఆగిపోయాను. ఏమని వెళ్ళను? మీ అక్క పిలుపు కోసం స్తంభం పక్కన నిలబడి ఉంటే కారు పోనిచ్చినదాన్ని నేనేనని చెప్పనా? కడుపులో మెలిపెట్టినట్టయింది. నిజంగానే నొప్పి.

కృప తెర తీసుకుని లోపలికి వెళ్ళింది. మాటలు వినపడ్డాయి, ఒక ఏడుపు వినపడింది, నా కూతురి గొంతు ఓదారుస్తున్నట్టు వినపడింది. నేను కదల్లేదు. సందులో వాళ్ళు చూస్తున్నారు.

కాసేపటికి తెర కదిలింది. కృప బయటికి వచ్చింది, తొందరేమీ లేకుండా. నాలుగడుగుల దూరంలో ఆగింది. రెండు చేతులూ ఖాళీ. నన్ను పిలవలేదు. నా చేతిలో సంచీ చూసింది.

"ఇవాళ సంచీలో ఏంటండి?"

ఈ నడక, ఈ ఆగడం నేను నేర్పినవి కావు. ఆ క్షణంలో కూడా నాకు అసూయే కలిగింది, ఏం దాచను?

"శాలువా" అన్నాను.

"రండి" అంది నా కూతురు, "పెరుగన్నం వాళ్ళమ్మగారూ."

వెళ్ళాను.